పురిటికి బయల్దేరే ముందు ఒక్క మాట

అమ్మాయిలూ, ఈ నెల మనం మాట్లాడుకోబోయేది పైకి కాగితాల గొడవలా కనిపిస్తుంది గానీ, అసలుకు ఇది పుట్టింటి ముచ్చటే.

మన అనంతపురం పిల్లలు ఇప్పుడు ఏ దేశంలో లేరు చెప్పండి? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప అనుకునే నేల మనది. శనక్కాయ ఒక ఏడు చేతికొచ్చి మూడేళ్లు ఎండినా, నాన్నలు అప్పు చేసో, అర ఎకరం అమ్మో ఆడపిల్లల్ని చదివించారు. జేఎన్‌టీయూలో ఇంజినీరింగ్ చదివినవాళ్లు, మెడికల్ కాలేజీలో డాక్టర్లయినవాళ్లు, నర్సింగ్ చేసినవాళ్లు లండన్, లెస్టర్, మాంచెస్టర్ దాకా వెళ్లి ఉద్యోగాల్లో కుదురుకున్నారు. అక్కడ బిడ్డ కడుపుతో ఉందని తెలిస్తే ఇక్కడ అమ్మ ఊరుకుంటుందా? "తొలి కాన్పు పుట్టింట్లోనే. సీమంతం ఇక్కడే చేస్తాం, ఏడో నెలలో వచ్చెయ్" అంటుంది. ఏ తల్లయినా అదే అంటుంది, అనాలి కూడా.

కానీ తల్లీ, విమానం టికెట్టు కొనే ముందు నీ చేతిలో ఏ కాగితం ఉందో ఒక్కసారి బీరువా తెరిచి చూసుకో. ఎందుకంటే పుట్టబోయే బిడ్డకు బ్రిటిష్ పౌరసత్వం వస్తుందా రాదా అన్నది రెండు విషయాల మీద తేలిపోతుంది. బిడ్డ ఎక్కడ పుట్టింది, పుట్టిన ఆ రోజుకు తల్లిదండ్రుల హోదా ఏమిటి. మీరు అక్కడ ఎన్నేళ్లు పన్ను కట్టారు, ఇల్లు కొన్నారా లేదా, ఇవేవీ ఆ లెక్కలోకి రావు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. "అక్కడ పుడితే అక్కడి పౌరుడే కదక్కా" అంటారు చాలామంది. అది అమెరికా మాట విని అంటున్నారు. బ్రిటన్‌లో 1983 జనవరి 1 నుంచి, అంటే 1981 నాటి జాతీయత చట్టం అమల్లోకి వచ్చిన రోజు నుంచి, ఆ గడ్డ మీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. పుట్టే సమయానికి అమ్మానాన్నల్లో ఒక్కరైనా బ్రిటిష్ పౌరులై ఉండాలి, లేదా అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి పొంది ఉండాలి. మనవాళ్లు దాన్నే ఐఎల్ఆర్ అంటారు. స్టూడెంట్ వీసా మీదో, వర్క్ వీసా మీదో ఉండగా అక్కడ పుట్టిన బిడ్డ బ్రిటిష్ పౌరురాలు కాదు. ఆ బిడ్డను ఏడాది లోపల భారత హైకమిషన్‌లోనో, కాన్సులేట్‌లోనో నమోదు చేయించి మన పౌరురాలిగా నిలుపుకోవాలి. తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరికి ఐఎల్ఆర్ వచ్చినా, పౌరసత్వం వచ్చినా, బిడ్డకు పద్దెనిమిది నిండేలోపు అర్జీ పెట్టి బ్రిటిష్ పౌరసత్వం నమోదు చేయించుకునే హక్కు ఉంది.

ఇక అనంతపురంలో పుట్టే బిడ్డ సంగతి. ఇక్కడ ముగ్గురు అమ్మాయిలను అనుకుందాం.

మొదటి అమ్మాయి అక్కడే ప్రమాణం చేసి పౌరసత్వ ధ్రువపత్రం తెచ్చుకుంది. ఆ తర్వాత పురిటికి వచ్చింది. ఆమె బిడ్డ ఇక్కడ మన ఆసుపత్రిలో కళ్లు తెరిచిన క్షణం నుంచే బ్రిటిష్ పౌరురాలు. ఎవరినీ అడగక్కర్లేదు, అర్జీ పెట్టక్కర్లేదు. పాస్‌పోర్టు అనేది ఉన్న హక్కుకు రుజువు, అంతే.

రెండో అమ్మాయికీ, ఆమె భర్తకూ ఐఎల్ఆర్ మాత్రమే ఉంది. ఇదే బిడ్డ లెస్టర్‌లో పుట్టి ఉంటే పుట్టుకతోనే బ్రిటిష్ పౌరురాలు అయ్యేది. అనంతపురంలో పుట్టింది కాబట్టి కాదు. బిడ్డను తిరిగి తీసుకెళ్లాలంటే వీసా కావాలి. అమ్మ చేతి గోరుముద్దల కోసం వచ్చిన పిల్ల, పసిబిడ్డకు వీసా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ఒక్క విమాన ప్రయాణంతో ఇంత తేడా వస్తుందని చాలామందికి తెలియదు. నేను ఈ ముచ్చట ఎత్తుకున్నది ముఖ్యంగా ఈ రెండో అమ్మాయి కోసమే.

మూడో అమ్మాయి పౌరసత్వానికి అర్జీ పెట్టింది, మంజూరు ఉత్తరం కూడా వచ్చింది, ప్రమాణ కార్యక్రమం మాత్రం ఇంకా కాలేదు. "వచ్చేసినట్టే కదా" అని బయల్దేరింది. కాదమ్మా. ప్రమాణం చేసి ధ్రువపత్రం అందుకున్న రోజు నుంచే నువ్వు పౌరురాలివి. దానికి ముందు రోజు పుట్టిన బిడ్డకు నీ ద్వారా పుట్టుకతో హక్కు రాదు. తర్వాత పద్దెనిమిదేళ్ల లోపు నమోదుకు అర్జీ పెట్టుకోవచ్చు గానీ, ఇవ్వాలా వద్దా అన్నది అక్కడి హోం శాఖ విచక్షణ. దాని రుసుమూ తక్కువేమీ కాదు.

ఇంకో మెలిక ఉంది, అది మనవరాళ్ల దాకా పోతుంది. అనంతపురంలో పుట్టి, అమ్మ ద్వారానో నాన్న ద్వారానో బ్రిటిష్ పౌరురాలైన బిడ్డ తన పౌరసత్వాన్ని బయటి దేశంలో పుట్టే తన పిల్లలకు మామూలుగా ఇవ్వలేదు. ఒక ఇంట్లో అక్క ఇక్కడ పుట్టింది, చెల్లెలు లెస్టర్‌లో పుట్టింది అనుకోండి. ఇద్దరిదీ ఒకే రంగు పాస్‌పోర్టు. ఇద్దరూ ఒకే బడికి వెళ్లారు. పాతికేళ్ల తర్వాత ఇద్దరూ ఉద్యోగాల కోసం దుబాయ్‌లో ఉండగా పిల్లలు పుట్టారు. చెల్లెలి బిడ్డ పుట్టుకతో బ్రిటిష్. అక్క బిడ్డ కాదు. అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఆ అక్క అమ్మ గానీ నాన్న గానీ బ్రిటన్‌లోనే పౌరసత్వం సంపాదించినవాళ్లయి, అక్క తన బిడ్డ పుట్టకముందు ఎప్పుడైనా వరుసగా మూడేళ్లు బ్రిటన్‌లో ఉండి ఉంటే, ఆ మూడేళ్లలో బయటి దేశాల్లో గడిపింది 270 రోజులు మించకపోతే, బిడ్డకు పద్దెనిమిది నిండేలోపు నమోదు చేయించవచ్చు. కాబట్టి పాత పాస్‌పోర్టులు, బడి సర్టిఫికెట్లు, జీతం కాగితాలు పారేయకండి. ఇవాళ చెత్త అనుకున్నది రేపు మనవరాలికి ఆస్తి.

ఇప్పుడు నా మనసులో ఎప్పటి నుంచో ఉన్న మాట చెప్తాను. ఈ హక్కు అమ్మ ద్వారా కూడా వస్తుందని ఇవాళ ఇంత మామూలుగా చెప్పుకుంటున్నాం గానీ, 1983కు ముందు అమ్మకు ఆ హక్కే లేదు. 1949 జనవరి 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం బ్రిటన్ బయట పుట్టిన బిడ్డకు పౌరసత్వం తండ్రి నుంచే. తొమ్మిది నెలలు మోసి, ప్రాణం పణంగా పెట్టి కన్న తల్లి బ్రిటిష్ పౌరురాలే అయినా, ఆమె పేరు మీద బిడ్డకు ఏమీ దక్కేది కాదు.

మన జిల్లాలో అందరికీ తెలిసిన అన్నే ఫెర్రర్ గారిని తలుచుకోండి. ఇంగ్లండ్‌లో పుట్టి, బొంబాయిలో విలేకరిగా పనిచేస్తూ, విన్సెంట్ ఫెర్రర్ గారితో కలిసి 1969లో ఈ కరువు నేలకు వచ్చారు. 1970లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. వాళ్లు పెట్టిన ఆర్డీటీ సేవాసంస్థ అంటే తెలియని పల్లె మన దగ్గర లేదు. ఆ సంస్థ బత్తలపల్లి ఆసుపత్రిలో పురుడు పోసుకున్న అమ్మలు ఎంతమందో. వాళ్లింటి సొంత కాగితాల సంగతి మనకు అక్కర్లేదు, అది వాళ్లది. నేను అనేది ఆ కాలపు చట్టం గురించి. ఇంగ్లండ్‌లో పుట్టిన ఆడమనిషి వేరే దేశం అతన్ని చేసుకుని 1970ల్లో అనంతపురంలో బిడ్డను కంటే, ఆ చట్టం దృష్టిలో తల్లి దేశం బిడ్డకు సోకదు. అదే ఇంగ్లండ్‌లో పుట్టిన మగవాడు ఇక్కడి అమ్మాయిని చేసుకుని బిడ్డను కంటే, బిడ్డ బ్రిటిష్. ఒకే ఊరు, ఒకే ఆసుపత్రి, పక్కపక్క మంచాలు అయినా సరే.

తండ్రి వైపే చూసే ఈ పద్ధతి మన గుంతకల్లు వాళ్లకు ఇంకా ముందు నుంచే తెలుసు. రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. డ్రైవర్లు, గార్డులు, టీచరమ్మలు. 1947 తర్వాత అలాంటి కుటుంబాలు చాలా వరకు ఇంగ్లండుకూ ఆస్ట్రేలియాకూ తరలిపోయాయి. వెళ్లేముందు వాళ్లు వెతుక్కున్నది తండ్రి వైపు కాగితాలే. తాత ఎక్కడ పుట్టాడు, ముత్తాత ఏ ఓడ దిగాడు అని. మన రాజ్యాంగంలో 366వ అధికరణం కూడా ఆంగ్లో ఇండియన్ అంటే ఎవరో చెప్పేటప్పుడు మగ వరసలో ఐరోపా మూలం ఉన్నవాళ్లనే అంటుంది. నాయనమ్మ, అమ్మమ్మల వంశం ఎక్కడా లెక్కలోకి రాలేదు.

తల్లి ద్వారా పౌరసత్వం రాదన్న ఆ బ్రిటిష్ నియమం మారడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. 1979 ఫిబ్రవరి 7న బ్రిటన్ హోం మంత్రి పార్లమెంటులో, బ్రిటన్‌లో పుట్టిన తల్లుల మైనరు పిల్లలను నమోదు చేస్తామని ప్రకటించారు. ఆ సంగతి తెలియక అర్జీ పెట్టని తల్లులు ఎందరో. 2003లో ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా నమోదుకు వీలు కల్పించారు గానీ, 1961 ఫిబ్రవరి 7 తర్వాత పుట్టినవాళ్లకే. 2010లో ఆ గీత కూడా చెరిపేశారు. 2018లో రోమీన్ అనే మహిళ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇంకో ముడి విప్పింది. ఆమె 1978లో అమెరికాలో పుట్టింది. బిడ్డ పుట్టిన ఏడాది లోపు కాన్సులేట్‌లో నమోదు చేయించాలన్నది అప్పటి షరతు. తల్లి పేరు మీద అడిగితే కాన్సులేట్ వాళ్లు తీసుకునేవారే కాదు. తీసుకోబోమని వాళ్లే చెప్పి, మళ్లీ "నువ్వు నమోదు చేయించలేదు కదా" అని ఆ కూతురిని తోసిపుచ్చడం చెల్లదని కోర్టు తేల్చింది. ఒక కూతురు నాలుగు దశాబ్దాలకు అమ్మ వైపు హక్కు గెలుచుకుంది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

కాబట్టి 1983కు ముందు బ్రిటిష్ తల్లికి పుట్టి, మన అనంతపురంలోనో, పుట్టపర్తిలోనో, గుంతకల్లులోనో పెరిగి, "నాకేమీ రాదులే" అనుకుని ఊరుకున్న అక్కలు, అన్నలు ఎవరైనా ఉంటే వాళ్లకు చెప్పండి. ఈ నమోదుకు వయసు పరిమితి లేదు. అరవై ఏళ్లప్పుడైనా అడగవచ్చు.

అయితే అడిగే ముందు ఇటువైపు లెక్క కూడా చూసుకోవాలి. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ఇష్టపూర్వకంగా ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుందని 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. ఆ రోజు నుంచి పాత భారత పాస్‌పోర్టు వాడటం నేరం. దాన్ని అప్పగించి, సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని, విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డుకు పెట్టుకోవాలి.

బిడ్డ విషయంలోనూ అంతే. తల్లి భారత పౌరురాలు, తండ్రి బ్రిటిష్ పౌరుడు, బిడ్డ అనంతపురంలో పుట్టింది. అప్పుడు పుట్టుకతో ఆ బిడ్డకు ఇటు హక్కూ ఉంది, అటు హక్కూ ఉంది. కానీ బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకుంటే భారత పాస్‌పోర్టు పెట్టుకోవడానికి వీల్లేదు. రెండూ తీసి బీరువాలో దాచుకుందాం అనే సలహా ఎవరు చెప్పినా వినకండి. అది రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. అమ్మానాన్నలిద్దరూ బ్రిటిష్ పౌరులైతే, ఓసీఐ కార్డులున్నా సరే, ఇక్కడ పుట్టిన బిడ్డ భారత పౌరురాలు కాదు. అలాంటి బిడ్డ బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చాక కూడా ఇక్కడి నుంచి విమానం ఎక్కాలంటే విదేశీయుల నమోదు కార్యాలయం వెబ్‌సైట్ ఈ-ఎఫ్ఆర్ఆర్ఓలో దేశం విడిచే అనుమతి తీసుకోవాలి. తొలి పాస్‌పోర్టుకే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ప్రసూతి సెలవు లెక్క వేసుకునేటప్పుడు ఈ రోజులను కూడా కలుపుకో తల్లీ.

మన దగ్గర అన్నింటికన్నా బరువైనది భూమి. ఓసీఐ కార్డు ఉన్నా ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే వీలు లేదు. దానంగా కూడా పుచ్చుకోకూడదు. ఇక్కడ చాలామంది తండ్రులు ముసలితనం రాగానే ఆడపిల్ల వాటా గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టరు చేయిస్తారు. కూతురు అప్పటికే విదేశంలో స్థిరపడి ఉంటే, వ్యవసాయ భూమికి ఆ గిఫ్ట్ డీడ్ చెల్లదు. వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు. వీలునామా రాసినా, రాయకపోయినా వారసురాలిగా దక్కుతుంది. తర్వాత అమ్మాలంటే ఇక్కడ ఉండే భారత పౌరులకే అమ్మాలి. రెండెకరాల మెట్ట భూమే కావచ్చు, బోరు ఎండిపోయిందే కావచ్చు, నాన్న చెమట దాని మీద ఉంది. పౌరసత్వం మారే ముందే ఇంట్లో కూర్చుని, అన్నదమ్ములతో కలిసి, ఈ మాట తేల్చుకోండి. తర్వాత కోర్టు మెట్లు ఎక్కేకంటే ఇప్పుడు ఒక పూట మాట్లాడుకోవడం నయం.

ఇక చివరగా, ఒక చిన్న కాగితం గురించి కొంచెం పెద్దగా చెప్తాను. బర్త్ సర్టిఫికెట్. పుట్టిన 21 రోజుల లోపు నమోదు కావాలి. ఆసుపత్రిలో అయితే వాళ్లే వివరాలు పంపిస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కాన్పు గదిలో నొప్పులు పడుతున్న పిల్లను ఎవరూ అడగరు. బయట బెంచీ మీద కూర్చున్న మామయ్యో, పెద్దమ్మో పేర్లు చెబుతారు. అల్లుడి పేరు ముద్దుపేరుతో చెబుతారు. తల్లి పేరుకు పుట్టింటి ఇంటిపేరు పెడతారు, పాస్‌పోర్టులోనేమో అత్తింటిది ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం. బిడ్డకు తొట్టెల వేడుక నాడు గానీ పేరు పెట్టం కాబట్టి ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది. మనకు ఇవన్నీ ఒకే మనిషి అని తెలుసు. లండన్‌లో బల్ల ముందు కూర్చున్న అధికారికి తెలియదు. ఆయన ముందు మూడు పేర్లు, ముగ్గురు మనుషులు.

అందుకని పురిటికి వచ్చేటప్పుడే భార్యాభర్తల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లు పోకుండా ఒక కాగితం మీద రాసి, దాన్ని అమ్మ చేతికి ఇవ్వండి. ఆసుపత్రిలో ఫారం నింపేటప్పుడు అదే చూపించమనండి. బిడ్డ పేరు ఏడాది లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఆలస్యం చేయకండి. అమ్మానాన్నలిద్దరి పేర్లూ ఉన్న పూర్తి సర్టిఫికెట్టే తీసుకోండి. తండ్రి ద్వారా పౌరసత్వం అడిగేవాళ్లకు పెళ్లి ధ్రువపత్రం కూడా కావాలి. గుడిలో తాళి కట్టారు, ఊరంతా చూసింది, శుభలేఖ ఉంది, నిజమే. కానీ మన రాష్ట్రంలో పెళ్లి నమోదు తప్పనిసరి అని 2002లోనే చట్టం వచ్చింది. ఇప్పటికైనా రిజిస్టరు చేయించుకోండి.

రెండో అమ్మాయి లాగా ఐఎల్ఆర్ మీద ఉన్నవాళ్లకు నా మాట వేరే. నీకు వీలైతే కాన్పు అక్కడే పెట్టుకో. అమ్మనే పిలిపించుకో. విజిటర్ వీసా మీద ఆరు నెలల దాకా ఉండవచ్చు. బెంగళూరు దాటి ఎరగని అమ్మ అయినా సరే, కూతురి పురుడంటే సముద్రం దాటి వస్తుంది. బాలింత పథ్యం, నూనె మర్దన, లాలి పాట అన్నీ ఆమె వెంటే వస్తాయి. ఆ తర్వాత బిడ్డను ఎత్తుకుని అందరూ కలిసి ఊరికి వచ్చి, తొట్టెల వేడుక ఊరి వాళ్ల మధ్యే చేసుకోవచ్చు.

అక్కడే చేసుకోవాలి, ఇక్కడ వద్దు అని నేను అనను. ఒక్కొక్కరి ఆరోగ్యం, ఇంటి పరిస్థితి, భర్త సెలవు, చేతిలో డబ్బు వేరు వేరు. పుట్టింటికి రావాలనిపిస్తే రావాలి. తెలిసి రావాలి, అంతే. ఈ నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి ఏ ఏజెంటు మాటో, వాట్సాప్ ఫార్వర్డో నమ్మకుండా బ్రిటన్ ప్రభుత్వ అధికారిక వెబ్‌సైట్‌లో ఆ రోజుకు ఏముందో చదువుకోండి. చిక్కుగా ఉంటే అక్కడ గుర్తింపు ఉన్న ఇమ్మిగ్రేషన్ సలహాదారుకు ఫీజు కట్టి అడగండి.

ఇక్కడున్న అమ్మలకూ ఒక విన్నపం. మీ బిడ్డకు ఏడో నెల వచ్చిందని ఫోన్ చేసినప్పుడు, "ఎప్పుడొస్తావ్" అని అడిగే ముందు "నీ కాగితం ఏదమ్మా, ఐఎల్ఆరా, పౌరసత్వమా" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకుని టికెట్టు కొంటే మనవరాలి హక్కు భద్రంగా ఉంటుంది.